హాల్లో టీవీకి పీసీయా, కన్సోలా? డబ్బు పెట్టే ముందు తేల్చుకోవాల్సినవి

సోఫాలో కూర్చుని పెద్ద టీవీ మీద గేములు ఆడాలి. ఇంతవరకు అందరికీ క్లారిటీ ఉంటుంది. దానికోసం పీఎస్5 కొనాలా, ఆ డబ్బుకి ఇంకొంత వేసి పీసీ కట్టించుకోవాలా, ఉన్న ల్యాప్‌టాప్‌నే టీవీకి తగిలించుకోవాలా అన్న దగ్గరే చర్చ మొదలవుతుంది. ఆ చర్చలో ముందు వచ్చేది గ్రాఫిక్స్ కార్డు గొడవ. నా లెక్కలో అది ఆఖర్న చూసుకోవాల్సిన విషయం. ఈమధ్య కొన్న ఓ మోస్తరు గేమింగ్ పీసీ బొమ్మ విషయంలో కన్సోల్‌కి తీసిపోదు. అది వెనకబడేది వేరేచోట. ఆఫీసు నుంచి వచ్చి కంట్రోలర్ పట్టుకున్నాక ఆట మొదలవడానికి ఎంతసేపు పడుతుంది, మధ్యలో ఎన్ని చికాకులు వస్తాయి అన్నదే అసలు పోటీ.

ఈ సంగతి దెబ్బ తిని నేర్చుకున్న కంపెనీ వాల్వ్, పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ వాళ్లదే. టీవీ కోసమని 2012లో స్టీమ్‌లో బిగ్ పిక్చర్ మోడ్ పెట్టింది, అంటే కంట్రోలర్‌తోనే నడిపే పెద్ద అక్షరాల స్క్రీన్. 2015 నవంబర్‌లో స్టీమ్ మెషీన్ల పేరుతో వేరే కంపెనీల చేత టీవీ కింద పెట్టుకునే పీసీలు అమ్మించింది. అవి విండోస్ మీద కాదు, లైనక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేవి. పెద్ద గేముల్లో చాలావాటికి అప్పట్లో లైనక్స్ వెర్షనే లేదు. కన్సోల్ కంటే ఎక్కువ ధర పెట్టి తక్కువ గేములున్న పెట్టె ఎవరు కొంటారు? అవి అలాగే మూలపడ్డాయి. 2018 ఆగస్టులో వాల్వ్ వాళ్ల ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చి విండోస్ గేములను లైనక్స్ మీద నడిపించడం మొదలుపెట్టింది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టుకుని ఆడే పీసీ అది నిజంగా పనిచేస్తుందని చూపించింది. ఆ ధైర్యంతోనే 2025 నవంబర్‌లో వాల్వ్ మళ్లీ అదే స్టీమ్ మెషీన్ పేరుతో దాదాపు ఆరంగుళాల బుల్లి పెట్టెను ప్రకటించింది. అంటే టీవీ ముందు పీసీ అన్నది ఇప్పుడు పిచ్చి ఆలోచనేం కాదు. కానీ అందరికీ సరిపడేదీ కాదు.

ముందు ఇవి తేల్చుకోండి

ఎవరు ఆడతారు, పాడైతే ఎవరు చూస్తారు? ఒక్కరే ఆడుకునేటట్లయితే పీసీ చికాకులు పెద్ద సమస్య కాదు. మీరు ఊళ్లో లేనప్పుడు కూడా పిల్లలో, తమ్ముడో ఆన్ చేసి ఆడుకోవాలంటే లెక్క మారిపోతుంది.

రెండోది మూడేళ్ల ఖర్చు. పెట్టె ధర ఒక్కటే చూడకండి. గేములు, ఆన్‌లైన్ చందా, రెండో కంట్రోలర్, స్టోరేజ్ అన్నీ కలపండి. పీసీలో ఆన్‌లైన్ ఆడటానికి విడిగా చందా అక్కర్లేదు. పీఎస్5, ఎక్స్‌బాక్స్‌లలో డబ్బు పెట్టి కొన్న గేమును ఆన్‌లైన్‌లో ఆడాలంటే నెలకో, ఏడాదికో కట్టాల్సిందే. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత గేములకు మాత్రం అక్కర్లేదు.

మూడోది, మీరు ఆడే గేములేంటి? ఇది చాలామంది కొన్నాక చూసుకుంటారు. జీటీఏ 6 కోసమే కొంటుంటే చర్చే లేదు. 2026 నవంబర్ 19 అని ప్రకటించిన విడుదల పీఎస్5కి, ఎక్స్‌బాక్స్ సిరీస్‌కి మాత్రమే. జీటీఏ 5 కన్సోళ్లకు 2013లో వస్తే పీసీకి 2015 ఏప్రిల్‌లో వచ్చిందని గుర్తుపెట్టుకోండి. సోనీ సొంత గేముల్లో చాలావరకు పీసీకీ వచ్చాయి గానీ ఆలస్యంగా. గాడ్ ఆఫ్ వార్ 2018లో పీఎస్4కి వచ్చి, పీసీకి 2022 జనవరిలో వచ్చింది. ఇటువైపు చూస్తే వాలరెంట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేము విండోస్ పీసీలో ఆడొచ్చు, వాల్వ్ లైనక్స్ మీద కట్టిన స్టీమ్ ఓఎస్‌లో నడవదు. దాని సంగతి కింద చెప్తాను.

నాలుగోది కరెంటు, చోటు. మనవైపు ఇది చిన్న విషయం కాదు, కరెంటు లెక్క చివర్లో చెప్తాను. ఇక మన ముందున్న దారులు ఐదు.

1. ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్‌కే హెచ్‌డీఎంఐ వైరు

బీటెక్ పేరుతో ఇంట్లోకి వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050, 4050, 4060 గ్రాఫిక్స్ కార్డుల ల్యాప్‌టాప్‌లు మనదగ్గర బోలెడు. అలాంటిది మీ ఇంట్లో ఉంటే ముందు దీన్నే పట్టుకోండి. ఖర్చు ఓ కేబుల్, ఓ కంట్రోలర్. పీసీకి రెడ్‌గేర్, కాస్మిక్ బైట్ లాంటి తక్కువ ధర కంట్రోలర్లు కూడా పనిచేస్తాయి. పీఎస్5కి రెండో కంట్రోలర్ అంటే ఆరు వేలకు అటూ ఇటూ వదులుతుంది, పాత పీఎస్4 కంట్రోలర్‌తో పీఎస్5 గేములు ఆడనివ్వదు.

బొమ్మ 4కేలో రావాలని పట్టుబట్టకండి. 1080పీలోనో 1440పీలోనో పెట్టి డీఎల్‌ఎస్‌ఎస్ (తక్కువ రిజల్యూషన్ బొమ్మను పెద్దగా, స్పష్టంగా మార్చే ఎన్‌విడియా సౌకర్యం) ఆన్ చేస్తే ఎనిమిది, పదడుగుల దూరంలో సోఫాలోంచి తేడా పట్టుకోవడం కష్టం. విండోస్ సెట్టింగుల్లో మూత వేస్తే ఏమీ చేయకూడదని పెట్టుకోవచ్చు. కానీ కీబోర్డు సందుల్లోంచి గాలి పీల్చుకునే మోడళ్లు చాలా ఉన్నాయి. మూత వేసి గంటలకొద్దీ ఆడితే వేడెక్కిపోతాయి. మూత తీసే ఉంచి, బొమ్మ టీవీలో మాత్రమే వచ్చేలా పెట్టుకోవడం మేలు. వైరు పెట్టాక కూడా శబ్దం ల్యాప్‌టాప్ స్పీకర్లలోనే వస్తుంటే కంగారు పడకండి. కింద మూలన స్పీకర్ గుర్తు నొక్కి అవుట్‌పుట్‌ను టీవీకి మార్చాలి.

ఇంకో లాభం, కరెంటు పోయినా ల్యాప్‌టాప్ ఆగదు, సేవ్ చేయని ఆట పోదు. లోటు ఒకటే, ప్రతిసారీ తగిలించాలి, తీయాలి. వారానికోసారి ఆడేవాళ్లకు అది లోటే కాదు.

2. పీసీ గదిలో, ఆట హాల్లో

బెడ్‌రూమ్‌లో మంచి డెస్క్‌టాప్ ఉంటే దాన్ని కదిలించకుండా ఇంటి నెట్‌వర్క్ మీదుగా టీవీకి పంపొచ్చు. టీవీలో వాల్వ్ వాళ్ల స్టీమ్ లింక్ యాప్ వేసుకుంటే చాలు. దీనికోసం వాల్వ్ విడిగా అమ్మిన చిన్న డబ్బాను 2018లోనే ఆపేసింది, ఇప్పుడు ఆ పని యాప్ చేస్తుంది. ఇంకొంచెం ఓపిక ఉంటే పీసీలో ఆటను పంపే సన్‌షైన్, ఆండ్రాయిడ్ టీవీలో దాన్ని అందుకునే మూన్‌లైట్ వేసుకోండి. రెండూ ఉచితమే, సెట్టింగులు మన చేతిలో ఉంటాయి.

ఇక్కడ ఎక్కువమంది తడబడేది ఇంటర్నెట్ స్పీడ్ దగ్గర. 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా దీనికి ఒరిగేదేం లేదు, ఎందుకంటే ఆట ఇల్లు దాటి బయటకు పోదు. కావాల్సింది పీసీకీ రౌటర్‌కీ మధ్య లాన్ కేబుల్. రెండోవైపు టీవీకి కూడా కేబుల్ లాగగలిగితే ఇంకేం కావాలి. టీవీల్లో లాన్ పోర్టు చాలావాటికి 100 ఎంబీపీఎస్ మాత్రమే, అయినా 1080పీ ఆటకు అది ధారాళంగా సరిపోతుంది. కేబుల్ కుదరకపోతే టీవీని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలపండి. రౌటర్‌కీ టీవీకీ మధ్య రెండు గోడలుంటే మాత్రం ఆశ వదులుకోండి.

కథ నడిచే గేములకు, రేసింగ్‌కు, పజిళ్లకు ఇది హాయిగా ఉంటుంది. క్రికెట్ గేములో బ్యాటింగ్ టైమింగ్ అంటే మాత్రం ఆ కాస్త ఆలస్యం తెలుస్తుంది. బంతి మీద పడుతుండగా బటన్ నొక్కితే బ్యాటు ఓ క్షణం లేటుగా కదులుతుంది, కొన్ని ఓవర్లకే చిరాకొస్తుంది. ఫైటింగ్ గేములకూ అంతే. వైఫై అంతంతమాత్రంగా ఉన్న ఇంట్లో ఈ దారిని నేను చెప్పను.

3. టీవీ కిందే సొంత పీసీ

అసలు కన్సోల్‌కి ఎదురు నిలబడేది ఇదే. చేతిలో డబ్బు, కాస్త ఓపిక ఉండాలి. పీఎస్5కి సమానంగా ఆడాలంటే కొత్త విడిభాగాలతో కన్సోల్ ధరకు కట్టడం కుదరదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఆకాశానికెక్కాయి కాబట్టి ఇప్పుడు ఆ తేడా ఇంకా పెరిగింది. హైదరాబాద్‌లో ఉంటే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులన్నీ ఉండే సీటీసీలో నాలుగు షాపులు తిరిగి కొటేషన్లు తీసుకోండి, ఆన్‌లైన్ ధరతో పోల్చి చూడండి. సెకండ్‌హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు తీసుకుంటే వారంటీ ఆ కార్డుకే ఉంటుందా, బిల్లులో పేరున్న మనిషికేనా అన్నది అడగండి.

బుల్లి మినీ ఐటీఎక్స్ డబ్బా చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. కానీ దానికి సరిపడే మదర్‌బోర్డు, పవర్ సప్లై ఖరీదు ఎక్కువ, షాపుల్లో దొరికేవి తక్కువ, మన ఎండాకాలంలో వేడి కూడా ఎక్కువే. టీవీ యూనిట్ పక్కన మామూలు మైక్రో ఏటీఎక్స్ డబ్బా పెట్టుకోవడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే ఆ మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డుకి వెళ్తుంది. టీవీ 4కే అయితే 8 జీబీ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు కంటే 16 జీబీ ఉన్న ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ లాంటిది నాలుగేళ్లు నిశ్చింతగా లాగుతుంది. ఏ డబ్బా అయినా సరే, అద్దం తలుపులున్న టీవీ యూనిట్ లోపల మాత్రం పెట్టొద్దు.

ఇక విండోస్ వేయాలా, స్టీమ్ ఓఎస్ తరహాదా? విండోస్ అయితే పీసీకి వచ్చిన గేములన్నీ నడుస్తాయి, కానీ సోఫా మర్యాదలు దానికి రావు. శుక్రవారం రాత్రి కంట్రోలర్ పట్టుకుని కూర్చుంటారు. ముందు లేచి వెళ్లి పవర్ బటన్ నొక్కాలి, ఎందుకంటే మామూలు పీసీని కంట్రోలర్ నిద్ర లేపలేదు. టీవీ దానంతటది ఆన్ కాదు, ఇన్‌పుట్ మారదు. పిన్ కొట్టాలి. బిగ్ పిక్చర్ తెరుచుకుంటుంది, గేము నొక్కుతారు. వెనకాల ఎక్కడో గేము కంపెనీ వాళ్ల లాంచర్ తెరుచుకుని లాగిన్ అడుగుతుంటుంది, ముందు మాత్రం నల్ల స్క్రీన్. అప్పుడు కీబోర్డు కోసం వెతుకులాట. ఇవన్నీ ఒక్కోటి పది నిమిషాల పనే, ఒకసారి సర్దుకుంటే చాలావరకు పోతాయి. ఆటోమేటిక్ లాగిన్, స్టార్టప్‌లోనే బిగ్ పిక్చర్, టచ్‌ప్యాడ్ ఉన్న చిన్న వైర్‌లెస్ కీబోర్డు, ఈ మూడూ పెట్టుకోకుండా ఈ దారిలోకి రావద్దు.

లైనక్స్ మీద కట్టిన బజైట్ లాంటివి వేసుకుంటే పీసీ నేరుగా స్టీమ్ స్క్రీన్‌లోకే తెరుచుకుంటుంది, అచ్చం కన్సోల్‌లా. ఏఎండీ కార్డయితే సాఫీగా సాగుతుంది, ఎన్‌విడియా అయితే అక్కడక్కడా తలనొప్పులు. రెండు అడ్డంకులున్నాయి. మొదటిది యాంటీచీట్, అంటే ఆన్‌లైన్ ఆటల్లో మోసాలను పట్టే సాఫ్ట్‌వేర్. వాలరెంట్, ఫోర్ట్‌నైట్, కాల్ ఆఫ్ డ్యూటీ లైనక్స్‌లో ఆడలేరు. జీటీఏ ఆన్‌లైన్, అపెక్స్ లెజెండ్స్ కూడా 2024లో తలుపులు మూసేశాయి. మీ ఫ్రెండ్స్ గ్రూపు వీటిలో ఏది ఆడుతున్నా విండోసే గతి. రెండోది, ఏఎండీ ఓపెన్ సోర్స్ డ్రైవర్‌లో హెచ్‌డీఎంఐ 2.1 పెట్టడానికి, ఆ ప్రమాణాన్ని చూసుకునే హెచ్‌డీఎంఐ ఫోరం 2024లో ఒప్పుకోలేదు. దాంతో 4కే 120 హెర్ట్జ్ (సెకనుకు 120 ఫ్రేములు) పూర్తి నాణ్యతతో రావడం చిక్కు. మీ టీవీ 60 హెర్ట్జ్‌దే అయితే ఈ రెండో గొడవ మీకు లేనట్టే.

4. హ్యాండ్‌హెల్డ్‌కి డాక్

చేతిలో పట్టుకునే బుల్లి పీసీలో బస్సులో, బెడ్ మీద ఆడుకుని హాల్లోకి రాగానే, టీవీకి తగిలించిన డాక్ అనే స్టాండులో పెడితే టీవీలో అదే ఆట. ఊహ బాగుంటుంది. కానీ స్టీమ్ డెక్‌ను 1280×800 స్క్రీన్ కోసం చేశారు. 55 అంగుళాల టీవీ మీద కొత్త పెద్ద గేము పెడితే మసక మసకగా కనిపిస్తుంది. చిన్న ఇండీ గేములు, పాత గేములు అయితే భేషుగ్గా ఉంటాయి. పైగా స్టీమ్ డెక్ ఇండియాలో అధికారికంగా అమ్మడం లేదు. అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులోనో, ఇంపోర్టు షాపులోనో తెచ్చుకుంటే రిపేరు వచ్చినప్పుడు మన తిప్పలు మనవే. ఇక్కడ వారంటీతో కావాలంటే ఆసుస్ ఆర్‌ఓజీ ఎలై ఉంది. 2023 జులైలో 69,990 రూపాయలకు వచ్చింది. స్టీమ్ డెక్ కంటే శక్తి ఎక్కువే, కాకపోతే విండోస్ చికాకులన్నీ దానితోపాటే వస్తాయి. టీవీ కోసమే అయితే ఇది కొనకండి. ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్లకు టీవీ ఆట కొసరుగా వస్తుందనుకుంటే సరి.

5. కన్సోలే

కంట్రోలర్ మధ్య బటన్ నొక్కితే పెట్టె లేస్తుంది, టీవీ లేస్తుంది, నిన్న ఆపిన చోటే ఆట ఉంటుంది. దీన్ని పీసీతో సాధించడానికి మనం పడే పాట్లన్నీ సోనీ, మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు పడిపెట్టారు. గేము ఆడుతుంటే షేడర్లు (బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు) అప్పటికప్పుడు కంపైల్ అవుతూ బొమ్మ పట్టిపట్టి ఆగే పీసీ జబ్బు కూడా ఇక్కడ దాదాపు లేదు.

ధర తగ్గుతుందని ఆగేవాళ్లకు ఒక మాట. ఇండియాలో 2021 ఫిబ్రవరిలో 49,990కి వచ్చిన డిస్క్ పీఎస్5, 2022 నవంబర్‌లో 54,990 అయింది. తగ్గే రోజులు పోయాయి. పండగ ఆఫర్లలో చూసుకోండి.

గేముల ఖర్చులో పీసీదే పైచేయి అని అందరూ అంటారు. సగమే నిజం. స్టీమ్‌లో కొత్త గేము చవకేం కాదు గానీ సేల్స్ వచ్చినప్పుడల్లా ధర పడుతుంది. ఎపిక్ అనే మరో పీసీ గేముల దుకాణం 2018 చివరి నుంచి గేములు ఉచితంగా ఇస్తూనే ఉంది. కొన్నాక నచ్చకపోతే స్టీమ్‌లో 14 రోజుల్లోపు, రెండు గంటల్లోపు ఆడి ఉంటే డబ్బు వెనక్కి వస్తుంది. కానీ ఒక గేము పూర్తిచేశాక మళ్లీ ముట్టని మనిషికి పీఎస్5 డిస్క్ ఎడిషన్‌లో వేరే లెక్క ఉంది. ఐదు వేలు పెట్టి కొన్న డిస్క్‌ను నెలలోపు పూర్తిచేసి ఓఎల్‌ఎక్స్‌లో అమ్మితే సగానికి పైగా వెనక్కి రావచ్చు. ఫ్రెండ్‌తో మార్చుకుంటే ఖర్చే లేదు. స్టీమ్ గేమును అమ్మలేరు. అందుకే కొన్ని వేలు మిగులుతాయని డిస్క్ పెట్టే చోటు లేని డిజిటల్ ఎడిషన్ తీసుకోవడం మనదగ్గర తెలివైన పని అనిపించదు.

ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ 2020 నవంబర్‌లో 34,990కి వచ్చింది. డిస్క్ పెట్టే చోటు లేదు, 512 జీబీ మోడల్‌లో నాలుగైదు పెద్ద గేములకే స్థలం అయిపోతుంది. చందా కడితే బోలెడు గేములు ఆడనిచ్చే గేమ్ పాస్‌ను నమ్ముకుని కొనే పెట్టె ఇది, 2025 అక్టోబర్‌లో ఆ చందా బాగా పెరిగింది. అదే ఏడాది నవంబర్‌లో ఇంటర్నెట్ మీదుగా కంపెనీ సర్వర్ల నుంచే ఆట పంపే ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్ ఇండియాకి వచ్చింది. పెట్టె లేకుండానే రుచి చూడొచ్చు, కానీ దాన్నే నమ్ముకుని టీవీ ముందు కూర్చోవడానికి మీ ఫైబర్ నెట్ మీద గట్టి నమ్మకం ఉండాలి.

| మార్గం | కొత్తగా పెట్టే డబ్బు | మొదలవడం | బాగా సరిపోయేది | పెద్ద లోటు |
|---|---|---|---|---|
| ల్యాప్‌టాప్ + వైరు | చాలా తక్కువ | తగిలించాలి, తీయాలి | స్టూడెంట్లు, అప్పుడప్పుడు ఆడేవాళ్లు | వేడి, చప్పుడు |
| ఇంట్లో స్ట్రీమింగ్ | దాదాపు లేదు | ముందు పీసీ ఆన్ చేయాలి | కథ గేములు | ఆలస్యం, వైఫై |
| టీవీ కింద పీసీ | అన్నిటికన్నా ఎక్కువ | సర్దుకుంటే ఫర్వాలేదు | పెద్ద స్టీమ్ లైబ్రరీ ఉన్నవాళ్లు | చూసుకునే మనిషి కావాలి |
| హ్యాండ్‌హెల్డ్ + డాక్ | ఎక్కువ | తేలిక | ప్రయాణాలు చేసేవాళ్లు | పెద్ద టీవీ మీద మసక |
| కన్సోల్ | మధ్యస్థం | అన్నిటికన్నా తేలిక | ఇంటిల్లిపాదీ | ఆన్‌లైన్ చందా, మనం మార్చుకోలేని పెట్టె |

మీరెవరు?

ఇంట్లో పిల్లలు, ఆదివారం వచ్చే కజిన్స్, నలుగురు కలిసి ఫుట్‌బాలో క్రికెట్టో ఆడే ఇల్లయితే డిస్క్ పీఎస్5. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఏళ్లుగా స్టీమ్‌లో గేములు పోగేసుకున్నవాళ్లు, మోడ్లు (గేమును మార్చే, అభిమానులు చేసిన ఫైళ్లు) వేసుకునేవాళ్లు, పగలు అదే పీసీ మీద పని చేసుకునేవాళ్లు కన్సోల్ కొంటే కొన్నవే మళ్లీ కొనాల్సి వస్తుంది. వీళ్లు ముందు రెండో దారి ప్రయత్నించి, అది నచ్చకపోతేనే మూడోదానికి వెళ్లాలి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి రెండు మూడేళ్లలో తిరిగొచ్చే ఆలోచన ఉన్నవాళ్లకు ఇంకో కోణం ఉంది. స్టీమ్ ఖాతాలో దేశం మార్చుకోవచ్చు, గేములన్నీ మీతోనే వస్తాయి. ప్లేస్టేషన్ ఖాతా దేశం మారదు. డిస్కులు ఎక్కడివైనా ఆడతాయి కానీ, వాటికి అదనపు కంటెంట్ కొనాలంటే డిస్క్ ఏ ప్రాంతానిదో ఆ ప్రాంతపు ఖాతాతోనే కొనాలి. తిరిగి వచ్చే ఉద్దేశం గట్టిగా ఉంటే పీసీ వైపే మొగ్గండి.

కరెంటు కోతలున్న ఊరయితే గ్రాఫిక్స్ కార్డు బడ్జెట్‌లోంచే ముందు సరైన ఇన్వర్టర్‌కి కొంత పక్కన పెట్టండి. గేమింగ్ పీసీ ఆటలో ఉండగా 300 నుంచి 450 వాట్లు లాగొచ్చు, పీఎస్5 సుమారు 200. ఫ్యాన్లు, లైట్లతో పాటు ఈ పీసీనీ మామూలు 900 వీఏ ఇన్వర్టర్ మీద వేస్తే దానికి ఊపిరాడదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే కొత్త పవర్ సప్లైలు మొరాయిస్తాయి, సైన్ వేవ్‌దే ఉండాలి. కొన్ని ఇన్వర్టర్ల వెనక యూపీఎస్, ఈకో అని చిన్న స్విచ్ ఉంటుంది. అది యూపీఎస్ వైపు లేకపోతే కరెంటు మారే ఆ రెప్పపాటులో పీసీ రీస్టార్ట్ అవుతుంది.

ఏది కొన్నా, టీవీ దగ్గర

టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయకుండా ఏ పెట్టెనూ తిట్టకండి, చాలాసార్లు ఆలస్యం టీవీదే. పీసీ తగిలిస్తే ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరును పీసీ అని మార్చండి. శాంసంగ్, ఎల్‌జీ టీవీల్లో అలా మారిస్తే అక్షరాలు మసక పోయి స్ఫుటంగా కనిపిస్తాయి. అంచులు తెగిపోయి టాస్క్‌బార్ సగమే కనిపిస్తే పిక్చర్ సైజు సెట్టింగులో జస్ట్ స్కాన్ లేదా స్క్రీన్ ఫిట్ అని ఉంటుంది.

120 హెర్ట్జ్ టీవీ ఉన్నవాళ్లు కొనేముందు వెనక్కి వెళ్లి పోర్టులు చూడండి. చాలా మోడళ్లలో పూర్తి స్పీడున్న పోర్టులు రెండే, అందులో ఒకటి సౌండ్‌బార్‌కి వెళ్లే ఈఆర్క్ పోర్టు. సౌండ్‌బార్ దాన్ని పట్టుకుని ఉంటే మిగిలేది ఒక్కటే, కన్సోల్, పీసీ రెండూ 120 హెర్ట్జ్‌లో నడపాలంటే వైరు మార్చుకుంటూ ఉండాలి.